కుక్కతో గుట్టెక్కేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మా మిరియం వీధికుక్క. తెచ్చుకున్నప్పుడు పేరుకు తగ్గట్టే నల్లగా, గుప్పెడంత ఉండేది. ఇప్పుడు 18 కిలోలు. దానికి ఏడాది దాటినప్పటి నుంచీ హైదరాబాద్ చుట్టుపక్కల గుట్టలు, సెలవులు దొరికితే ఏజెన్సీ కొండలు కలిసి ఎక్కుతున్నాం. లిఫ్టులో కనిపించిన ప్రతివాళ్లూ అవే ప్రశ్నలు అడుగుతుంటే అన్నీ ఒకచోట రాసిపెట్టాను. నేను పశువుల డాక్టర్ని కాను. వైద్యానికి సంబంధించి ఇక్కడున్నవన్నీ డాక్టరు దగ్గరికి చేరేలోపు చేయాల్సినవి మాత్రమే.

రోజూ వాకింగ్‌కి తీసుకెళ్తూనే ఉన్నాం కదా, కుక్కకి కొండలెందుకు?

తప్పనిసరేం కాదు. కాకపోతే అపార్ట్‌మెంట్ చుట్టూ అదే రోడ్డు, అదే కరెంటు స్తంభం, అదే స్కూటర్ చక్రం. గుట్ట మీదికెళ్తే కొత్త వాసనలు. రాత్రి ముంగిస ఎటు పోయిందో, నిన్న ఏ మేకల మంద దాటిందో అన్నీ దానికి తెలిసిపోతాయి. మిరియం ఒక్కో పొద దగ్గర రెండేసి నిమిషాలు నిలబడుతుంది. మొదట్లో విసుక్కునేవాణ్ని, లాగేవాణ్ని. ఇప్పుడు గంటలో అయ్యే దారికి గంటన్నర వేసుకుని బయల్దేరుతున్నా. మీకు శిఖరం చేరడమే ముఖ్యమైతే మాత్రం దాన్ని ఇంట్లో వదిలి వెళ్లడమే మంచిది.

మా కుక్క ఎక్కగలదా?

ఏడాది నిండని పిల్లల్ని ఎక్కించొద్దు. ల్యాబ్రడార్, జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద జాతులకి ఎముకలు పూర్తిగా గట్టిపడటానికి ఏడాదిన్నర దాకా పడుతుంది. ఆలోపు బండల మీంచి దూకిస్తే ఆ దెబ్బ తర్వాతెప్పుడో కీళ్లలో బయటపడుతుంది. ఎనిమిదేళ్లు దాటినవాటిని ముందు డాక్టరుకి చూపించండి.

పగ్, షిట్జు, ఫ్రెంచ్ బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలతో చాలా జాగ్రత్త. కుక్క ఒంట్లో వేడి ముఖ్యంగా రొప్పడం ద్వారానే బయటికి పోతుంది. మనలా ఒళ్లంతా చెమట పట్టదు. ముక్కే పొట్టిదైతే ఆ దారి సగం మూసుకున్నట్టే. డిసెంబరు పొద్దున్న చదునైన దారిలో అరగంట నడిపిస్తే చాలు, గుట్టలొద్దు. హస్కీకి మన ఎండలో మామూలు నడకే కష్టం. చల్లగా ఉంటుందని దాని బొచ్చు గొరిగించకండి, ఆ బొచ్చే దానికి ఎండనుంచి అడ్డు.

లావెక్కిన ల్యాబ్‌లు మన దగ్గర ఇంటికొకటి ఉన్నాయి. ముందు బరువు తగ్గించండి, గుట్ట ఎక్కడికీ పోదు.

మామూలు ఆరోగ్యంగా ఉన్న కుక్కకైనా మొదటిసారి రానూపోనూ కలిపి రెండు మూడు కిలోమీటర్లు దాటొద్దు. ఎక్కడం చూసి మురిసిపోకండి. కీళ్ల మీద భారం పడేది, కాలు జారేది దిగేటప్పుడే.

ఏ కాలంలో, ఏ టైంలో వెళ్లాలి?

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. వానాకాలంలో తెరిపి ఇచ్చిన రోజున వెళ్లొచ్చు కానీ నాచు పట్టిన బండ మీద కుక్క గోళ్లు ఏమీ పనిచేయవు, సర్రున జారుతుంది. మార్చి మొదలయ్యాక గుట్టలు మానేయండి. ఎందుకో చెప్తా.

అది మార్చి రెండో వారం. ఎండలు ఇంకా ముదరలేదనుకుని పొద్దున ఎనిమిదింటికి మొదలుపెట్టాం. తెలిసిన గుట్టే. పైన ఫోటోలు, కబుర్లు, ఫ్లాస్కులో టీ. దిగడం మొదలుపెట్టేసరికి పది. గాలి చల్లగానే ఉంది, నా కాళ్లకి బూట్లున్నాయి, నాకేమీ తెలియలేదు. మిరియం నా వెనకే దిగుతోంది. దారిలో రెండుసార్లు నీడలో కూలబడింది. "పద పద" అన్నాను, లేచి వచ్చింది. కారెక్కించాక చూస్తే వెనక కాళ్ల పాదాల మెత్తలు రెండూ పొక్కి, చర్మం ఊడి ఉన్నాయి. డాక్టరు కట్లు కడుతూ అన్నమాట నేను మర్చిపోలేదు: "అది ఆగదండీ. మీరు ఆగట్లేదు కాబట్టి అదీ ఆగదు." మూడు వారాలు దాన్ని ఎత్తుకుని లిఫ్టు దాకా మోశాను.

ఈ పేజీలో మిగతావన్నీ మర్చిపోయినా ఫర్వాలేదు, ఇదొక్కటి గుర్తుంచుకోండి. కుక్క "ఇంక నావల్ల కాదు" అనదు. మీ వెనక వస్తూనే ఉంటుంది, పడిపోయేదాకా వస్తుంది. ఎక్కడ వెనక్కి తిరగాలో చూసుకోవాల్సింది మీరే.

అందుకని ఇప్పుడు నా పద్ధతి ఇది: తెల్లవారకముందే గుట్ట కింద ఉండాలి, ఎనిమిదిన్నరకల్లా కారు దగ్గరికి వచ్చేయాలి. నడుమ ఎప్పుడు అనుమానం వచ్చినా అరచేతి వెనకవైపు బండకి ఆనించి ఏడు లెక్కపెడతా. చెయ్యి తీసేయాలనిపిస్తే ఆ బండ కుక్కకీ కాలుతున్నట్టే. సాయంత్రం నడకలు నాకంతగా నచ్చవు. పగలంతా ఎండకి కాగిన నల్లరాయి సూర్యుడు దిగాక కూడా చాలాసేపు వేడిని వదలదు, దిగేలోపు చీకటి పడుతుంది, చీకట్లో పాములు.

వడదెబ్బ తగిలిందని ఎలా తెలుస్తుంది? వెంటనే ఏం చేయాలి?

కుక్క మామూలు ఒంటి వేడి మనకంటే ఎక్కువే, 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. 104 దాటితే ప్రమాదం. గుట్ట మీద థర్మామీటరు పెట్టి చూసేవాళ్లెవరూ ఉండరు కాబట్టి ఇవి చూడండి: నాలుక వెడల్పుగా, చివర గరిటెలా సాగి వేలాడటం, ఆగినా రొప్పు తగ్గకపోవడం, చొంగ చిక్కగా జిగురుగా కారడం, చిగుళ్లు బాగా ఎర్రబడటం, నీడ కనిపించిన చోటల్లా పడుకోవడం. ఇక తూలడం, వాంతి చేసుకోవడం, పిలిస్తే పలకకపోవడం మొదలైతే ప్రాణం మీదికి వచ్చినట్టే.

నీడకి చేర్చండి. దగ్గరున్న నీళ్లన్నీ ఒంటి మీద పోయండి, పొట్ట కింద, తొడల మధ్య, పాదాల మీద. మీరు తాగడానికని దాచుకోవద్దు. టోపీతోనో అట్టముక్కతోనో విసరండి. తడి తువ్వాలు కప్పి వదిలేయకండి, కాసేపటికి అదే దుప్పటిలా వేడిని పట్టి ఉంచుతుంది. స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో నీళ్లు పోయొద్దు. ముందు చల్లబరచడం, తర్వాతే కారు. కారులో ఏసీ పెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. తేరుకుని తోక ఊపినా సరే తీసుకెళ్లాల్సిందే, ఎందుకంటే కిడ్నీల మీద, రక్తం మీద పడ్డ దెబ్బ మర్నాడో ఎల్లుండో బయటపడొచ్చు.

హైదరాబాద్ దగ్గర కుక్కతో ఎక్కడికి వెళ్లొచ్చు?

ముందు వెళ్లకూడనివి చెప్పేస్తా, చాలామంది కారు తీసుకుని వెళ్లి గేటు దగ్గర గొడవపడి వస్తుంటారు. కేబీఆర్ పార్కు లోపలికి కుక్కల్ని రానివ్వరు, అది పేరుకి పార్కైనా చట్టం ప్రకారం జాతీయ వనం. చిలుకూరు వైపు మృగవని, వనస్థలిపురం దగ్గర హరిణ వనస్థలి కూడా అలాంటివే. కేబీఆర్ చుట్టూ బయటి నడకదారిలో కుక్కల్ని తిప్పేవాళ్లు రోజూ కనిపిస్తారు.

నగరంలోనే అంటే ఖాజాగూడ గుట్టలు. ఈ గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. దాన్ని పగలగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టడానికి మనకి ముప్ఫై ఏళ్లు చాలింది, ఆ సంగతి వేరు. మిగిలిన గుట్టల మీద పొద్దున్నే సూర్యోదయం చూసేవాళ్లు, బండలెక్కడం నేర్చుకునేవాళ్లు, కుక్కలతో వచ్చేవాళ్లు ఉంటారు. ఎత్తు తక్కువ, అరగంటలో పైకి చేరొచ్చు, వద్దనుకుంటే పది నిమిషాల్లో వెనక్కి రావచ్చు. మొదటి గుట్టగా నేను చెప్పేది ఇదే. ఒకటే బాధ, పగిలిన బీరు సీసాలు. శని, ఆదివారాల పొద్దున మరీ ఎక్కువ. మిరియం ముందరి కాలికి ఒకసారి గాజుపెంకు దిగింది, అప్పటి నుంచి మేం మంగళవారం, బుధవారం వెళ్తున్నాం.

కాస్త దూరమైతే వికారాబాద్ దగ్గర అనంతగిరి. హైదరాబాద్ నుంచి 75-80 కిలోమీటర్లు. మూసీ నది పుట్టేది ఈ కొండల్లోనే. బండ కాదు, ఎర్రమట్టి దారులు, చెట్ల నీడ, కుక్క పాదాలకి ఇంతకంటే మంచి దారి నగరం దగ్గర్లో నాకు తెలిసి లేదు. అయితే అది అటవీ శాఖ భూమి. ఏ దారి తెరిచి ఉంది, కుక్కని తీసుకెళ్లొచ్చా అని అక్కడి సిబ్బందిని అడిగే లోపలికి అడుగు పెట్టండి. వద్దంటే వాదించకండి. అనంత పద్మనాభస్వామి గుడి దగ్గర కోతులు విపరీతం, ఆ వైపు పోకుండా ఉంటేనే నయం. కార్తీక మాసంలో, ఆదివారాల్లో జనం తిరునాళ్లలా ఉంటారు.

ఇవి కాక ఊళ్ల పక్కన పేరులేని గుట్టలు బోలెడున్నాయి. ఊళ్లో దిగి, "గుట్ట మీదికి పోతున్నం, కుక్క కూడ ఉంది, ఏమన్న ఇబ్బందా?" అని హోటలు దగ్గరో గుడి అరుగు మీదో అడగండి. పైన క్వారీ పేలుళ్లున్నాయో, తేనెపట్లున్నాయో, నిన్న చిరుత కనిపించిందో వాళ్లకి తెలిసినట్టు ఏ మ్యాపుకీ తెలియదు.

కోటలు, గుళ్లు?

గోల్కొండ, వరంగల్ కోట, గండికోట లాంటివి కేంద్ర పురావస్తు శాఖ చేతిలో ఉన్న రక్షిత కట్టడాలు. నిర్వహణ పనికి తప్ప జంతువుల్ని లోపలికి తేకూడదని 1959 నాటి నిబంధనల్లోనే ఉంది. గేటు దగ్గరున్న మనిషి మంచివాడై వదిలేసినా మీరే మానుకోవడం మర్యాద. గండికోటలో అయితే పెన్నా లోయ అంచున గోడ ఉండదు, కంచె ఉండదు. పక్షి వెనక పరుగెత్తే కుక్కని అక్కడికి తీసుకెళ్లే ధైర్యం నాకైతే లేదు.

భువనగిరి కోట గురించి చాలామంది అడుగుతారు. హైదరాబాద్‌కి 50 కిలోమీటర్లే. అది ఒకే ఒక్క పెద్ద రాయి, ఏటవాలు, నీడ లేదు. రూలు సంగతి పక్కన పెట్టినా కుక్క పాదాలకి పనికొచ్చే చోటు కాదు.

ఇక మన గుట్టల్లో పైన గుడో దర్గానో లేనిది అరుదు. మేం ఇద్దరం వెళ్తే ఒకరు మెట్ల కింద మిరియంతో కూర్చుంటాం, ఒకరు దర్శనం చేసుకుని వస్తాం, తర్వాత మారతాం. కాలభైరవుడి వాహనం కుక్కే కదా అని పూజారితో వాదించినవాళ్లని చూశాను. ధర్మరాజంతటివాడికే స్వర్గం గుమ్మం దగ్గర కుక్క గురించి ఇంద్రుడితో పంచాయితీ తప్పలేదు, మనమెంత. కోనేట్లోకి, బండ మీది దొనల్లోకి కుక్కని దించకండి. ఆ నీళ్లు ఎవరో తాగేవో, అభిషేకానికి తీసుకెళ్లేవో అయి ఉంటాయి.

అడవిలోకి ఎందుకు రానివ్వరు? మా కుక్క ఎవరినీ ఏమీ అనదు.

అది ఏమీ అననక్కర్లేదు. 2018లో గిర్ అడవిలో వారాల వ్యవధిలో ఇరవైకి పైగా సింహాలు చనిపోయాయి. చాలావాటిలో కనిపించింది కెనైన్ డిస్టెంపర్ వైరస్, అంటే కుక్కల రోగం. టీకా వేయించిన కుక్క దాన్ని తట్టుకుంటుంది. అడవి జంతువుకి టీకా ఎవరు వేస్తారు? అమ్రాబాద్, నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యాలు, శేషాచలం వైపు శ్రీ వెంకటేశ్వర జాతీయ వనం (తలకోన ఇందులోనిదే), పాపికొండలు, విశాఖలో కంబాలకొండ, ఇవన్నీ కుక్కలకి కావు. చిరుత ఇష్టంగా వేటాడే జంతువుల్లో కుక్క ఒకటన్నది రెండో కారణం.

ఆంధ్ర వైపు ఎక్కడికి వెళ్లొచ్చు?

చలికాలంలో అరకు, లంబసింగి. అరకు లోయ సముద్రమట్టానికి 900 మీటర్ల పైన, లంబసింగి సుమారు వెయ్యి. ఉదయం తొమ్మిదైనా చలి వదలదు, కాబట్టి హైదరాబాద్ గుట్టల్లో పడే ఎండ టెన్షన్ ఉండదు. శిఖరాల మీదికి పోకుండా ఊళ్ల మధ్య మట్టిబాటల్లో, కాఫీ తోటల పక్కన నడవండి. ఆ తోటలు గిరిజన కుటుంబాల జీవనాధారం, అడిగి వెళ్లండి. పండ్లు ఎండబోసిన కళ్లాల మీదికి కుక్కని పోనివ్వకండి. కోళ్లు, మేకలు ప్రతి ఇంటి ముందూ ఉంటాయి. మీ కుక్క ఒక కోడిని పట్టిందంటే అడిగినంత డబ్బిచ్చి క్షమాపణ చెప్పి రావడమే.

పాడేరు దగ్గర వంజంగి కొండ మీంచి మేఘాలు చూడటానికి చీకట్లో ఎక్కే జనం మధ్యకి కుక్కని తీసుకెళ్లమని నేను చెప్పను. ఫోన్ లైట్లు, తోపులాట, బురద, భయపడి ఎవరినైనా కరిచిందంటే తప్పు మీదే.

మదనపల్లె దగ్గర హార్స్‌లీ హిల్స్ నాకు ఇష్టమైన చోటు. అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఒకప్పటి కడప కలెక్టరు డబ్ల్యూ.డి. హార్స్‌లీ ఇక్కడ ఇల్లు కట్టుకుని ఆయన పేరు అంటించి పోయాడు. ఎత్తు 1,200 మీటర్లకి పైనే, కారు కొండ మీదాకా వెళ్తుంది. ముసలి కుక్కలున్నవాళ్లకి ఇదే చెప్తుంటాను. ఎక్కే శ్రమ లేకుండా నీలగిరి చెట్ల కింద చల్లగా ఒక కిలోమీటరు నడిపించి కూర్చోబెట్టొచ్చు. బస దొరకాలంటే కుక్క ఉందని ముందే ఫోన్‌లో చెప్పి ఒప్పించుకోండి, దిగాక చెప్తే కుదరదు.

మా వాడు పిలిస్తే వస్తాడు. తాడు వదిలేయొచ్చా?

వద్దు. పార్కులో పిలిస్తే రావడం వేరు, కళ్ల ముందు నెమలి లేచినప్పుడు రావడం వేరు. గుట్టల మీద గొర్రెల మందలుంటాయి. మంద చెదిరి ఒక గొర్రె లోయలో పడితే ఆ కాపరి నష్టం మీ సారీతో తీరదు. మందతో పాటు వచ్చే కుక్కలు పోట్లాటకి వెనకాడవు కూడా.

మెడ పట్టీ కాకుండా ఛాతీకి వేసే హార్నెస్ కొనండి. వీపు మీద పిడి ఉన్నది అయితే బండ దిగేటప్పుడు సూట్‌కేసులా పట్టుకుని దించొచ్చు. తాడు రెండు మీటర్లు చాలు. బటన్ నొక్కితే సాగే రకం తాళ్లు పొదల్లో చిక్కుకుంటాయి. దిగేటప్పుడు తాడు నడుముకి కట్టుకోకండి. అది లాగితే ఇద్దరూ కిందికే.

నీళ్లు, తిండి?

ఇంట్లో ఊరికే ఉన్న రోజునే కుక్కకి కిలో బరువుకి 50-60 మిల్లీలీటర్ల నీళ్లు కావాలి. గుట్ట రోజున మిరియం కోసం లీటరున్నర విడిగా మోస్తా. పావుగంటకోసారి కాస్త కాస్త పడతా. గుట్ట మీద గుంటల్లో నిలవ నీళ్లు తాగనివ్వను, ఎలుకల మూత్రం కలిసిన నీటితో లెప్టోస్పైరోసిస్ వస్తుంది. ఏటా వేసే టీకాలో దానికీ మందు ఉందో లేదో డాక్టర్ని అడగండి.

బయల్దేరే ముందు కడుపు నిండా పెట్టొద్దు. పెద్ద కుక్కల్లో నిండు కడుపుతో గెంతితే పొట్ట ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది, అది గంటల్లో ప్రాణం తీస్తుంది. రెండు మూడు గంటల ముందు కొంచెం, పైన ఒక ఉడకబెట్టిన గుడ్డు, దిగి రొప్పు పూర్తిగా తగ్గాక పెరుగన్నం. మీరు తెచ్చుకున్న బిర్యానీలో ఉల్లిపాయ, ఉడికిన ఎముకలు, పులావులో కిస్‌మిస్, చాక్లెట్, ఇవేవీ పెట్టకండి. అది చూసే చూపుకి కరిగిపోయేవాళ్లు ఎదురుగా కూర్చుని తినకుండా ఉంటే చాలు.

దారిలో ఊరకుక్కలు మీదికొస్తే?

గుట్ట కంటే నాకు భయం వేసేది గుట్ట కింది ఊరే. నాలుగు కుక్కలు గుమిగూడితే ఆగి, మీ కుక్కని వెనక్కి పెట్టుకుని, మీరు ముందు నిలబడండి. పరుగెత్తొద్దు, రాయి విసరొద్దు. వంగి రాయి తీస్తున్నట్టు నటిస్తే చాలాసార్లు అవే తగ్గుతాయి. చిన్న కుక్కని చంకనెత్తుకుంటే అవి ఎగిరి అందుకోబోతాయి, మిమ్మల్నీ కరవొచ్చు. కుదిరితే ఊళ్లో నడిపించకుండా కారులోనే గుట్ట మొదలుదాకా వెళ్లండి.

ఆడకుక్క ఎదకి వచ్చిన మూడు వారాలూ ఇంటి పట్టునే ఉంచండి. ఒకసారి మాకు తెలియక తీసుకెళ్తే గుట్ట పైదాకా మగకుక్కల ఊరేగింపు.

కోతులు, తేనెటీగలు?

చేతిలో సంచి ఉన్నవాళ్ల మీదే కోతి కన్ను, కుక్కని చూస్తే గుంపుని పిలుస్తుంది. మీ కుక్క మొరుగుతూ మీదికి పోబోతే తాడు దగ్గరగా పట్టుకుని వచ్చిన దారినే వెనక్కి రండి. పిల్లల్ని మోస్తున్న తల్లికోతులున్న చోట ఒక్క నిమిషం కూడా నిలబడకండి. కోతి గానీ ముంగిస గానీ ఊరకుక్క గానీ కరిస్తే గాయాన్ని సబ్బుతో పావుగంట ధారగా కడిగి, రేబిస్ టీకా ముందే వేయించి ఉన్నా సరే, అదే రోజు డాక్టరుకి చూపించండి.

తేనెటీగల్ని మాత్రం ఎవరూ లెక్కచేయరు. బండల కింద, పెద్ద చెట్ల కొమ్మలకి వేలాడే పెద్ద పట్లు కొండ తేనెటీగలవి. పొగ, సెంటు, అరుపులు వాటికి గిట్టవు. పట్టు కనిపిస్తే దారి మార్చండి. లేచాయంటే కూర్చోవద్దు, తాడు గట్టిగా పట్టుకుని ఆగకుండా కారుదాకానో గదిదాకానో పరుగెత్తండి.

పాము కరిస్తే?

మన బండగుట్టల్లో నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగూ ఉంటాయి. కుక్క మూతి పెట్టి చూస్తుంది కాబట్టి కాటు ఎక్కువగా మూతి మీదో ముందరి కాలి మీదో పడుతుంది. ఒక్కసారిగా కేకపెట్టడం, వాపు, రక్తం ఆగకుండా కారడం, కాళ్లు తేలిపోవడం. కోయొద్దు, పీల్చొద్దు, తాడుతో బిగించి కట్టొద్దు, పసరు మందుల కోసం తిరగొద్దు. నడిపించకుండా మోసుకుని దించండి. పాముని చంపి తేవాల్సిన పని లేదు. ఈ నాలుగు పాముల విషానికీ పనికొచ్చే ఒకే మందు ఉంది, మనుషులకిచ్చేదే కుక్కలకీ ఇస్తారు. అన్ని క్లినిక్కుల్లో ఉండదు. అందుకే బయల్దేరే ముందు రోజే దారిలో ఏ పశువుల ఆసుపత్రిలో ఉందో ఫోన్ చేసి కనుక్కుని నంబరు రాసి పెట్టుకుంటా.

సంచిలో ఏమేం ఉండాలి?

నీళ్లు, మడిచే గిన్నె. గాజుగుడ్డ, బెటాడిన్, పట్టకారు, చిన్న కత్తెర. పాత సాక్సు ఒక జత, పాదం తెగితే కట్టు మీద తొడగడానికి. ఇవన్నీ అందరూ చెప్పేవే. ఎవరూ చెప్పనిది పాత పత్తి దుప్పటి. కుక్క నడవలేకపోతే దాన్ని దుప్పట్లో పడుకోబెట్టి ఇద్దరు చెరో వైపు పట్టుకుని దించొచ్చు. ముప్ఫై కిలోల ల్యాబ్‌ని ఒక్కరే భుజానేసుకుని బండ దిగడం సినిమాల్లోనే. అందుకే ఒంటరిగా వెళ్లొద్దు కూడా.

నొప్పి తగ్గుతుందని మీ సంచిలోని డోలోనో బ్రూఫెనో వేయకండి. మనకి పనిచేసే మాత్రలు కుక్కకి విషం కావచ్చు.

బూట్లు కొనాలా?

కొన్నాను. నాలుగో బూటు ఏ పొదలో పోయిందో ఇప్పటికీ దొరకలేదు.

ఎలా తీసుకెళ్లాలి? కారు లేదు.

రైల్లో అయితే ఫస్ట్ ఏసీలో రెండు లేదా నాలుగు బెర్తుల గది మొత్తం మీ పేర బుక్ అయితేనే కుక్క మీతో ఉంటుంది. లేదంటే లగేజీ వ్యాన్‌లోని పెట్టెలో వేస్తారు. దానికి నేను ఒప్పుకోను. ఒకరోజు గుట్టకి అయితే క్యాబ్ మాట్లాడుకునేటప్పుడే కుక్క ఉందని చెప్పి, సీటు మీద వేయడానికి దుప్పటి మీరే తీసుకెళ్లండి. ఘాట్‌రోడ్డు మలుపుల్లో వాంతి చేసుకుంటాయి, అరకు దారిలో మేం మూడుసార్లు ఆగాం. దిగి టిఫిన్ చేసేటప్పుడు కారులో మూసి వదిలేయడం మాత్రం ఎప్పుడూ, ఏ కాలంలోనూ వద్దు. అద్దం కాస్త దించి ఉంచినా లోపల ఎండకి నిమిషాల్లో పొయ్యి అవుతుంది.

మేం అమెరికాలో ఉంటాం. అక్కడ సులభమే కదా?

ఊళ్ల పార్కుల్లో సులభమే, నేషనల్ పార్కుల్లో కాదు. చాలావాటిలో ట్రయిల్స్ మీదికి కుక్కల్ని రానివ్వరు. యోసెమిటీలో చదును చేసిన రోడ్లు, క్యాంపు స్థలాల దగ్గరే. వర్జీనియా, మేరీల్యాండ్ మనవాళ్లకి అదృష్టం, షెనాండోవాలో 500 మైళ్ల ట్రయిల్స్‌లో చాలావాటి మీద కుక్కతో నడవొచ్చు, ఆరడుగులు మించని తాడుతో. మెయిన్ రాష్ట్రంలో అకేడియా కూడా అలాంటిదే.

రెండుకి వెళ్తే తీయాలా? అడవే కదా, మట్టిలో కలిసిపోతుంది.

తీయాలి. సంచిలో కట్టి కిందికి తేవాలి. ఎంత అడవైనా దారి పక్కన అదే చోట రోజుకి పది కుక్కలు. సంచిలో కట్టి చెట్టుకింద వదిలేసి వచ్చేవాళ్ల గురించి ఏమనాలో నాకు తెలియదు, దాని బదులు వదిలేసినా నయమే.

తిరిగొచ్చాక ఏం చూడాలి?

స్నానం కంటే ముందు వెతుకులాట. ఉత్తరేణి గింజలు పొట్ట కింద బొచ్చుకి అంటుకుని ఉంటాయి, పల్లేరు కాయలు వేళ్ల మధ్య. తుమ్మముల్లు మెత్తలో విరిగి ఉంటే రెండు రోజుల తర్వాత కుంటుతుంది. సన్నటి మొనదేలిన గడ్డి గింజలు చెవిలోకి పోతే తల విదిలిస్తూనే ఉంటుంది, అవి మనకి రావు, డాక్టరు తీయాల్సిందే.

తర్వాత పిడుదులు. చెవుల లోపల, మెడ పట్టీ కింద, చంకల్లో, వేళ్ల సందుల్లో, తోక కింద. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా పైకి లాగాలి. కిరోసిన్ పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. నలిపి చంపకుండా స్పిరిట్ ఉన్న డబ్బాలో వేయండి. నెలకోసారో మూడు నెలలకోసారో ఇచ్చే పిడుదుల మాత్రలు ఉన్నాయి, గుట్టలెక్కే కుక్కకి అవి తప్పనిసరి, బరువుని బట్టి డాక్టరు రాస్తారు. మాత్ర వేసినా వెతకడం మానొద్దు. గుట్టకెళ్లొచ్చిన రెండు మూడు వారాల్లో తిండి మానేసి, జ్వరంగా, మందంగా ఉంటే, చిగుళ్లు పాలిపోతే, ముక్కులోంచి రక్తం వస్తే "మొన్న గుట్టకి వెళ్లాం" అని డాక్టరుకి ముందే చెప్పండి. టిక్ ఫీవర్‌కి, అంటే పిడుదుల వల్ల వచ్చే జ్వరానికి, రక్తపరీక్ష చేస్తారు, త్వరగా పట్టుకుంటే మందులతో తగ్గుతుంది.

మా ఇంట్లో ఈ వెతుకులాట మా అమ్మ చేస్తుంది. బాల్కనీలో పీట వేసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, పక్కన స్పిరిట్ డబ్బా. మిరియం వెల్లకిలా పడుకుని నాలుగు కాళ్లూ పైకెత్తి ఉంచుతుంది. ఈ మధ్య గుట్టకి వెళ్లని ఆదివారాల్లో కూడా పీట చప్పుడైతే వచ్చి పడుకుంటోంది.